పాత బంతి పనితనం

విశాఖ పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో 2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో ఆడిన టెస్టు స్కోరుకార్డు చూస్తే మొదటి నాలుగు రోజులూ బ్యాటర్లవేనని తెలిసిపోతుంది. తొలిరోజు వాన పడి ఆట ఆగేసరికి భారత్ స్కోరు 202. ఒక్క వికెట్ కూడా పడలేదు. మయాంక్ అగర్వాల్ 215 కొట్టాడు. టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా దిగిన రోహిత్ శర్మ ఒక ఇన్నింగ్స్‌లో 176, ఇంకో ఇన్నింగ్స్‌లో 127 చేశాడు. అవతలివాళ్లేమీ తక్కువ తినలేదు. డీన్ ఎల్గర్ 160, క్వింటన్ డికాక్ 111, జట్టు మొత్తం 431. ఆ ఇన్నింగ్స్‌లో అశ్విన్ ఏడు వికెట్లు తీస్తే మహమ్మద్ షమీకి ఒక్కటీ దక్కలేదు. అదే షమీ అదే పిచ్ మీద ఆఖరి రోజు 10.5 ఓవర్లు వేసి 35 పరుగులకు 5 వికెట్లు తీశాడు. వాటిలో నాలుగు బౌల్డ్.

బౌల్డ్‌లు నాలుగు కావడం యాదృచ్ఛికం అనుకోను. బంతి ఎగరని పిచ్ మీద ఎడ్జ్ తీసుకున్నా అది స్లిప్ దాకా చేరుతుందన్న నమ్మకం లేదు. అందుకని షమీ స్లిప్ ఫీల్డర్ల మీద ఆశ పెట్టుకోలేదు. ప్రతి బంతీ స్టంప్స్‌కే గురిపెట్టాడు. బవుమాకు వేసింది తక్కువ ఎత్తులో జారిపోయి వికెట్లు పడగొట్టింది. కెప్టెన్ డుప్లెసిస్ బయటికి పోతుందనుకుని వదిలేసిన బంతి లోపలికి తిరిగి ఆఫ్ స్టంప్‌ను తాకింది. తొలి ఇన్నింగ్స్‌లో సెంచరీ కొట్టిన డికాక్ సున్నాకే బౌల్డయ్యాడు. చివర్లో అర్ధసెంచరీ దాటి మొండిగా నిలబడ్డ పీట్ ఆటకూ అలాగే తెరపడింది. అయిదో రోజుకి పిచ్ కొంచెం నలిగి, బంతి అక్కడక్కడా కిందికి ఉండిపోయిన మాట నిజమే. ఆ కొంచెం ఎక్కడుందో పసిగట్టి, బంతిని మళ్లీమళ్లీ అక్కడే దించగలగడం షమీ పనితనం. సీమ్ నిలువుగా, మణికట్టు దాని వెనకాల నిటారుగా ఉండే ఆ విడుదలను స్లో మోషన్‌లో చూస్తే బంతి గాలిలో అడ్డంగా ఒరగకుండా గీత గీసినట్టు వెళ్తుంది. నేలను తాకేది కుట్టు భాగమే.

మన దేశంలో ఫాస్ట్ బౌలర్‌కు పిచ్ ఇచ్చేది చాలా తక్కువ. రోలర్ కింద నలిగి గట్టిపడి, గడ్డి గొరిగేసి, తేమ ఇంకిపోయిన నేల మీద బంతి ఎంత ఎత్తు లేస్తుందో బ్యాటర్‌కు ముందే తెలుసు. ముందుకాలు వేసి, లేచే బంతిని లేస్తుండగానే డ్రైవ్ చేయగలడు. పచ్చిక లేదు కనుక సీమ్ కదలిక లేదు. తేమ లేదు కనుక బంతి పట్టుకుని ఆగదు. ఇక మిగిలినవి మూడే: గాలి, బంతి, బ్యాటర్ మనసు. ఫ్లాట్ పిచ్ మీద గెలిచిన ప్రతి బౌలరూ ఈ మూడింటినే సాధన చేశాడు. నేలను తాకకముందే చేయాల్సిందంతా చేసేశాడు.

ఇందులో బంతి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మనం వాడే ఎస్‌జీ బంతి మీరట్‌లో చేత్తో కుట్టింది. కొత్తగా ఉన్నప్పుడు కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండు వైపులా మెరుస్తుంది. అప్పుడు కుట్టు ఎటు వాలితే బంతి అటు వంగుతుంది. కుట్టు దగ్గర గాలి చెదిరి ఒకవైపు బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది, నున్నటి వైపు త్వరగా విడిపోతుంది, ఆ తేడా బంతిని పక్కకు నెడుతుంది. మన ఎండిన మైదానాల్లో కొన్ని ఓవర్లకే తోలు గీసుకుపోతుంది. అప్పుడు జట్టంతా కలిసి ఒక వైపును మాత్రమే కాపాడుతుంది. చెమటతో తుడిచి, ప్యాంటుకు రుద్ది, దాన్ని నున్నగా ఉంచుతుంది. రెండో వైపును పొడిగా, గరుకుగా వదిలేస్తుంది. ఈ గరుకు, నునుపుల తేడా బాగా పెరిగాక సరైన వేగంతో వేస్తే లెక్క తిరగబడుతుంది. కుట్టు చూపించే దిక్కుకు ఎదురుగా, నున్నటి వైపుకే బంతి వంగుతుంది. రివర్స్ స్వింగ్ ఇదే. కొత్త బంతితో అవుట్‌స్వింగర్‌కు ఎలా పట్టుకుంటారో పాత బంతిని అలాగే పట్టుకుని వేస్తే అది లోపలికి దూసుకొస్తుంది. పైగా ఆ వంపు ఆలస్యంగా, బ్యాటర్ కాలు కదిలించేశాక వస్తుంది.

ఈ విద్య పుట్టింది కూడా జీవం లేని పిచ్‌ల దేశంలోనే. పాకిస్తాన్‌లో 1970లలో సర్ఫరాజ్ నవాజ్ దీనికి బాట వేశాడు. ఇమ్రాన్ ఖాన్‌కు, ఆయన నుంచి వసీం అక్రం, వకార్ యూనిస్‌లకు అది చేరింది. నేల సహకరించని చోట బౌలర్లు గాలిని లొంగదీసుకున్నారు. 2020లో కరోనా వల్ల బంతిని మెరిపించడానికి ఉమ్మి వాడకూడదన్న నిబంధన వచ్చి, 2022లో శాశ్వతమైంది. ఇప్పుడు అంతర్జాతీయ క్రికెట్లో చెమట ఒక్కటే ఆధారం. అందుకని బంతిని ఎవరు తుడవాలో, ఎవరి తడి చేతులు గరుకు వైపు తగలకూడదో ముందే అనుకుంటారు. స్పిన్నర్లూ జాగ్రత్తగా పట్టుకోవాలి. టీవీలో ఎవరూ చూపించని పని అది. అది సరిగా జరగకపోతే ఎంత గొప్ప బౌలరైనా పాత బంతితో నిస్సహాయుడే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన స్పెల్. అదీ విశాఖలోనే, 2024 ఫిబ్రవరి 3న. ఇంగ్లండ్‌తో రెండో టెస్టు, రెండో రోజు. యశస్వి జైస్వాల్ 209 చేసిన పిచ్. 41 ఏళ్ల జేమ్స్ అండర్సన్ ఆ ఇన్నింగ్స్‌లో 25 ఓవర్లు వేసి 47 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీయడం మరో గొప్ప పనితనం, దాని మీద వేరే వ్యాసం రాయాలి. భారత్ 396కు ఆలౌటైంది. ఇంగ్లండ్ ఒక వికెట్‌కు 114 దాకా హాయిగా వచ్చింది. జాక్ క్రాలీ 76 కొట్టి అక్షర్ పటేల్ బౌలింగ్‌లో అవుటయ్యాడు. ఆ తర్వాత జస్‌ప్రీత్ బుమ్రా చేతికి బంతి వచ్చింది. అప్పటికి దాని వయసు ముప్ఫై ఓవర్లు కూడా లేదు, కానీ రివర్స్ అవుతోంది.

జో రూట్‌కు వేసిన బంతులు వరుసగా చూడాలి. లోపలికి, మళ్లీ లోపలికి. రూట్ వారం రోజుల ముందే హైదరాబాద్ ఉప్పల్‌లో బుమ్రా బంతికి ఎల్బీ అయినవాడు. ప్యాడ్లను కాపాడుకోవాలన్న ఆలోచన అతని బుర్రలో నిండుగా ఉంది. అప్పుడు లోపలికి రాకుండా బయటికి వెళ్లే బంతి పడింది. ఎడ్జ్, మొదటి స్లిప్‌లో శుభ్‌మన్ గిల్ చేతుల్లోకి. ఆ ఒక్క వికెట్ వెనక దానికి ముందు వేసిన అన్ని బంతులూ ఉన్నాయి. అవి వికెట్ తీయలేదు, తీసే బంతికి దారి చేశాయి.

తర్వాత ఓలీ పోప్. ఉప్పల్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో స్వీప్, రివర్స్ స్వీప్ కొట్టి 196 పరుగులు చేసి ఇంగ్లండ్‌ను 28 పరుగుల తేడాతో గెలిపించినవాడు. విశాఖలో 23 మీద ఉన్నాడు. బుమ్రా వేసిన బంతి ఆఫ్ స్టంప్ వైపు నుంచి మొదలై, గాలిలోనే బాగా లోపలికి వంగి, పోప్ కాళ్ల దగ్గర సరిగ్గా యార్కర్ లెంగ్త్‌లో పడింది. అతని బ్యాట్ కిందికి వస్తూనే ఉంది. మిడిల్, లెగ్ స్టంపులు ఎగిరిపోయాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. యార్కర్ బ్యాటర్ బూట్ల దగ్గర పడుతుంది. పిచ్ చదునుగా ఉందా, పచ్చగా ఉందా, పగుళ్లు తేలిందా అన్నవాటితో దానికి పనే లేదు. రివర్స్ స్వింగ్ గాలిలో జరిగేది, దానికీ పిచ్‌తో పని లేదు. రెండూ కలిసిన బంతి ముందు క్యూరేటర్ కష్టమంతా వృథా. జీవం లేని పిచ్‌కు ఇంతకంటే పూర్తి జవాబు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

బెయిర్‌స్టో కూడా స్లిప్‌లో గిల్‌కే దొరికాడు. బెన్ స్టోక్స్ 47 మీద ఉండగా పడిన బంతి అతని బ్యాట్ పక్కనుంచి జారి స్టంప్స్‌ను తాకింది. స్టోక్స్ బ్యాట్ కింద పడేసి రెండు చేతులూ చాచాడు, దీన్నెలా ఆడమంటారు అన్నట్టు. బుమ్రాకది టెస్టుల్లో 150వ వికెట్, ఆడుతున్నది 34వ టెస్టు. అంతకంటే తక్కువ టెస్టుల్లో అక్కడికి చేరిన భారత పేసర్ లేడు. మొత్తం 15.5 ఓవర్లలో 45 పరుగులకు 6 వికెట్లు. అదే ఇన్నింగ్స్‌లో మరో పేసర్ ముకేశ్ కుమార్‌కు వికెట్ రాలేదు. ముకేశ్‌ను తక్కువ చేయడానికి అనడం లేదు. అదే పిచ్, అదే బంతి, చెయ్యి మాత్రమే వేరని చెప్పడానికి అంటున్నాను. రెండో ఇన్నింగ్స్‌లో బుమ్రా ఇంకో మూడు తీశాడు, భారత్ 106 పరుగులతో గెలిచింది. ఆ వెంటనే టెస్టు బౌలర్ల ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరిన తొలి భారత పేసర్ అయ్యాడు.

ఆ చెయ్యి ఎలా పనిచేస్తుందో చూడండి. పరుగు చిన్నది, మొదట్లో అడుగులు తడబడుతున్నట్టే ఉంటాయి. ఎడమచెయ్యి ముందుకు కర్రలా చాస్తాడు. కుడి మోచెయ్యి సహజంగానే వెనక్కి కొంచెం ఎక్కువ వంగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బంతిని వదిలే చోటు. మిగతావాళ్ల కంటే ముందుకు, తన ముందుపాదం దాటాక వదులుతాడు. క్రీజు నుంచి క్రీజుకు దూరం 58 అడుగులు. ఆ వేగంలో బ్యాటర్‌కు దొరికేది అర సెకను. అందులోంచి ఈ మనిషి ఇంకాస్త కోసుకుంటాడు. బంతి అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది. పిచ్ వేగం ఇవ్వనప్పుడు వేగాన్ని ఇలా కూడా పుట్టించుకోవచ్చు. దీనికి వెన్నెముక చెల్లించే మూల్యమూ ఉంది. 2022లో వెన్ను గాయంతో ఆగిపోయి, శస్త్రచికిత్స చేయించుకుని, 2023 ఆగస్టులో తిరిగొచ్చాడు. విశాఖ స్పెల్ ఆ తర్వాత ఆరు నెలలకే వేసినది.

ఇలాంటి బౌలర్లను ఎక్కడ తయారుచేశారు? సమాధానం కొంచెం ఇబ్బంది పెడుతుంది. అహ్మదాబాద్‌లో బుమ్రా చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఇంట్లోనే బంతి విసిరేవాడు. అమ్మ నిద్ర చెడకుండా చప్పుడు రాకూడదు. గోడ, గచ్చు కలిసే మూలకు బంతి తగిలితే చప్పుడు తక్కువ. అక్కడికే గురిపెట్టి విసిరాడు. తెలియకుండానే యార్కర్ నేర్చుకున్నాడు. టెన్నిస్ బంతి ఆటలోనూ మొదట నేర్చిన బంతి అదేనని, మన దేశంలో మామూలు స్వింగ్ కంటే ముందు రివర్స్ స్వింగ్‌తో వికెట్లు తీయడం నేర్చుకోవాల్సి వస్తుందని విశాఖ టెస్టు తర్వాత అతనే చెప్పాడు. షమీది ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహా వైపు పల్లెటూరు. మొరాదాబాద్‌లో శిక్షణ తీసుకునే రోజుల్లో మ్యాచ్ ముగిశాక వాడేసిన బంతులు అడిగి తీసుకుని, వాటితోనే రివర్స్ సాధన చేసేవాడని అతని కోచ్ చెప్పిన సంగతి తెలిసిందే. 2013 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ మీద తొలి టెస్టులోనే అతను 9 వికెట్లు తీసినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. పాత బంతులతో గడిపిన ఏళ్ల గురించి తెలిస్తే అంత ఆశ్చర్యం ఉండదు. వీళ్లిద్దరికీ ఈ విద్యలో తొలి పాఠాలు ఏ ప్రణాళికలోంచీ రాలేదు. పరిస్థితి నేర్పింది, పట్టుదల నిలబెట్టింది.

పద్ధతిగా తయారుచేసే ప్రయత్నం లేకపోలేదు. 1980లో ఆస్ట్రేలియా జట్టు పాకిస్తాన్ వచ్చినప్పుడు డెన్నిస్ లిల్లీ అంతటివాడికి మూడు టెస్టుల్లో దక్కింది 3 వికెట్లు. ఫైసలాబాద్‌లో పాకిస్తాన్ 2 వికెట్లకు 382 చేస్తుంటే ఆస్ట్రేలియా పదకొండు మందీ, వికెట్ కీపర్ రాడ్ మార్ష్‌తో సహా, బౌలింగ్ చేశారు. ఉపఖండపు నేల ఎంత మొండిదో ఒంటితో తెలుసుకున్న ఆ లిల్లీయే 1987లో మద్రాసులో మొదలైన ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకు పాఠాలు చెప్పాడు. శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్, జహీర్ ఖాన్ అక్కడ సానపట్టుకున్నవాళ్లే. జహీర్ పరుగెత్తుకొస్తూ బంతి ఏ వైపు మెరుస్తోందో బ్యాటర్‌కు కనపడకుండా రెండో చేత్తో కప్పేవాడు. 2011 ప్రపంచకప్‌కు వేళ్ల కణుపులతో పట్టుకుని వేసే నకల్ బాల్ సిద్ధం చేసుకుని వచ్చాడు. పిచ్ ఇవ్వకపోతే దాచైనా సంపాదించాలన్న తెలివి అది.

మన హైదరాబాద్ సిరాజ్ సంగతి చెప్పకుండా ముగించలేను. ఆటోడ్రైవర్ కొడుకు. టెన్నిస్ బంతితోనే పెరిగాడు, తోలు బంతి చేతికి ఆలస్యంగా వచ్చింది. 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీశాడు. 2025 జులైలో ఇంగ్లండ్‌తో సిరీస్‌లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టుకు బుమ్రా లేడు. గిల్ 269 కొట్టిన పిచ్. సిరాజ్ వరుస బంతుల్లో రూట్‌ను, స్టోక్స్‌ను పంపి ఇంగ్లండ్‌ను 5 వికెట్లకు 84 మీద నిలబెట్టాడు. ఆ తర్వాత హ్యారీ బ్రూక్, జేమీ స్మిత్ 303 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. ఫ్లాట్ పిచ్ అసలు పరీక్ష అక్కడుంది. బంతి మెత్తబడి, ఏమీ జరగని ఆ గంటల్లో పొగరు చూపించకుండా, నిరాశపడకుండా ఓవర్లు వేయాలి. రెండో కొత్త బంతి వచ్చాక ఆకాశ్ దీప్ బ్రూక్‌ను పడగొట్టాడు, తోక బ్యాటర్లను సిరాజ్ చుట్టేశాడు. 19.3 ఓవర్లలో 70 పరుగులకు 6. అతని వాబుల్ సీమ్ కూడా ఫ్లాట్ పిచ్ బుద్ధి నుంచి వచ్చిందే. కుట్టును కావాలనే గాలిలో ఊగనిస్తాడు. నేలను ఎలా తాకితే అలా వెళ్తుంది. ఎటు వెళ్తుందో వేసినవాడికే తెలియనప్పుడు బ్యాటర్ చదివేదేముంది? ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీసినవాడు సిరాజ్. ఓవల్‌లో ఆఖరి ఉదయం భారత్‌ను 6 పరుగులతో గెలిపించిన చివరి వికెట్ తీసింది కూడా యార్కరే.

పొట్టి ఫార్మాట్‌లో లెక్క వేరు, విలువా వేరు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో సన్‌రైజర్స్ 277, ముంబై 246 చేశాయి. 40 ఓవర్లలో 523 పరుగులు, 38 సిక్సర్లు. ఆ రాత్రి బుమ్రా 4 ఓవర్లలో 36 ఇచ్చాడు, వికెట్ లేదు. ప్యాట్ కమిన్స్ 35 ఇచ్చి రెండు తీశాడు. ఓవర్‌కు సగటున 13 పైన పోతున్న ఆటలో 9 దగ్గర ఆగడం మామూలు విషయం కాదు. మరుసటి రోజు పత్రికల్లో బ్యాటర్ల ఫొటోలే ఉన్నాయి. వికెట్ లేని ఆ 36ను నేను ఆనాటి గొప్ప ప్రదర్శనల్లో ఒకటిగా లెక్కేస్తాను.

మన తెలుగు రాష్ట్రాల అకాడమీలకు, జిల్లా క్రికెట్ సంఘాలకు, పిల్లలకు బౌలింగ్ నేర్పే కోచ్‌లకు ఒక మనవి. నెట్స్‌లో కుర్రాడి చేతికి ఎప్పుడూ కొత్త బంతే ఇవ్వకండి. కొత్త బంతి దానంతటదే ఊగుతుంది, కుర్రాడికి తానే ఊపుతున్నానన్న భ్రమ కలుగుతుంది. మ్యాచ్‌లలో 40 ఓవర్లు వాడిన బంతులు పారేయకుండా దాచండి. వారంలో ఒక పూట పూర్తిగా వాటితోనే, గడ్డి లేని పిచ్ మీద, కుదురుకున్న బ్యాటర్‌కు బౌలింగ్ చేయించండి. ఒక వైపు మెరుపు ఎలా నిలబెట్టాలో పదకొండు మందికీ నేర్పండి. యార్కర్‌కు బ్యాటర్ బూటు ఉండే చోట ఒక బూటు పెట్టి దాన్ని కొట్టమనండి. ఆ కుర్రాడు ఆ పూట ఒక్క వికెట్ తీయకపోయినా, ఓవర్‌కు రెండు పరుగులే ఇచ్చి అలసిపోకుండా పదో ఓవర్ వేస్తే భుజం తట్టండి. వేగం కొలిచే యంత్రం కొనడానికి డబ్బు లేదని ఆగాల్సిన పని లేదు. పాత బంతులు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి.